తెల్లని యన్నము

మన సముద్రతీరపు జిల్లాలలో నొక గృహస్థుని మర్యాదను కొలుచుటకు వేఱొక కొలబద్ద యక్కఱలేదు. విస్తరిలో నన్నము పడినప్పుడు దాని రంగు చూచిన చాలును. మల్లెమొగ్గవలె తెల్లగా, మెతుకునకు మెతుకు అంటక యున్నచో ఇల్లాలు నేర్పరి, యజమానుడు కలిగినవాడు. ఏమాత్రము ఎఱ్ఱడాలు కనబడినను, తవుటి వాసన తగిలినను వియ్యపురాలు పెదవి విఱుచును. ఆ తెలుపు సాధించుటకు పడినపాట్లు ఎన్ని! వడ్లు దంపి, చెరిగి, మరల దంపి తవుడు తీయవలెను. నీరు తేటపడువఱకు బియ్యమును నాలుగుమాఱులు కడుగవలెను. విరివిగా ఎసరు పెట్టి, ఉడికినపిమ్మట గంజి వార్చవలెను. తవుడు కుడితితొట్టిలోనికి, కడుగునీరు కుడితితొట్టిలోనికి, గంజియు నందులోనికే. ఈ మర్యాద కంతకును ఫలమనుభవించినది పెరటిలోని గేదె.

ఇది నవ్వుటకు వ్రాసిన మాట కాదు. ఈ తెలుపు మన జిల్లాలలో నూఱేండ్లకు పైగా మనుష్యులను చంపినది. మనుష్యుని నిత్యజీవనమును శరీరధర్మము నడుపునా, ఆచారము నడుపునా యని విద్యావంతులు వాదించుట తఱచుగా వినుచుందుము. బడిపిల్లలకు పాఠములు చెప్పుకొనువారము గనుక మేమా తత్త్వవిచారము జోలికి పోము. ఒక్క గింజ చరిత్రను మాత్రము చెప్పెదము. ఆ రెండును అందులోనే కలిసికొన్నవి.

1835వ సంవత్సరమున కుంపిణీవారి మదరాసు సైన్యమందలి వైద్యుడు మాల్కంసన్ అనునతడు బెరిబెరి యను వ్యాధినిగుఱించి మదరాసులో నొక గ్రంథము నచ్చువేయించెను. ఉత్తరసర్కారులలో కాపురమున్న సిపాయిలు ఈ వ్యాధివలన విశేషముగా చెడుచుండిరి. మొదట కాళ్ళు బరువెక్కును. అరికాళ్ళు తిమ్మిరిపట్టి నేల తెలియకుండును. పిక్కలు నొక్కిన నోర్వరాని నొప్పి. పిమ్మట కొందఱికి కండ కరగి నడక తప్పును. కొందఱికి కాళ్ళును ముఖమును నీరుపట్టి ఉబ్బును. ఆయాసము హెచ్చి గుండె యాగిపోవుటతో కథ ముగియును. విశాఖపట్టణము మొదలు నెల్లూరువఱకు తీరమునంటియున్న తెలుగుదేశము ఈ వ్యాధికి పుట్టినిల్లుగా వైద్యులు లెక్కించిరి. వింత యేమనగా, అదే మదరాసు రాజధానిలో దక్షిణమున నున్న తమిళులును మనవలెనే అన్నము తినువారు, అదే సముద్రపు గాలి పీల్చువారు. వారిలో నీ వ్యాధి యరుదు. పడమట జొన్నసంకటియు రాగిసంకటియు తిను మెట్టసీమలలో దీని పేరైనను అంతగా వినబడలేదు. తేమగాలి యనిరి, బురదనేలల విషమనిరి. ఎవరికిని అన్నమువైపు చూపు పోలేదు. ప్రాణమును నిలుపునది రోగమును తెచ్చునని యెవ్వరూహింతురు?

చిక్కు విడిపోవుట మనదేశమున మొదలు కాలేదు, జావాద్వీపమున మొదలైనది. అప్పటికి ఐరోపాలో పాస్తూరు, కోహ్ అనువారు క్రిమివాదమును స్థాపించియుండిరి. ప్రతి రోగమునకును ఒక క్రిమి యుండవలెనను నుత్సాహముతో డచ్చి ప్రభుత్వమువారు 1886లో కొందఱు పండితులను బెరిబెరి క్రిమిని పట్టుకొనుటకై బటావియాకు పంపిరి. వారిలో పిన్నవాడు ఐక్మన్. తక్కినవారు తిరిగిపోయినను అతడచ్చటనే నిలిచెను. 1889లో అతని ప్రయోగశాలలోని కోళ్ళకు కాళ్ళు పడిపోయి, మెడలు వ్రాలి, బెరిబెరినిబోలిన జబ్బు పుట్టెను. రోగిరక్త మెక్కించిన కోళ్ళకును వచ్చినది, ఎక్కింపని కోళ్ళకును వచ్చినది. కొన్ని నెలలకు ఉన్నట్టుండి అన్నియు బాగుపడినవి! విచారింపగా తేలినదిది: కోళ్ళను మేపువాడు ఖర్చు కలిసివచ్చునని సైనికాసుపత్రి వంటయింటినుండి మిగిలిన తెల్లనన్నము తెచ్చి కొంతకాలము వానికి పెట్టుచుండెను. అంతలో క్రొత్త వంటవాడు వచ్చెను. సైన్యమువారి యన్నము సైన్యమునకు చేరని కోళ్ళకు పెట్టుట తగదని యతడు ఆపివేసెను. మరల ముతకబియ్యము తిన్న కోళ్ళు లేచి తిరిగినవి. వంటవాని యధికారదర్పము వైద్యశాస్త్రమున కింత మేలుచేసిన సందర్భము మఱియొకటి మే మెఱుగము.

కోళ్ళమాట మనుష్యులకు చెల్లునా? కారాగారముల వైద్యపరీక్షాధికారియగు వోర్డర్మన్ 1895-96 సంవత్సరములలో జావాలోని 101 చెఱసాలలను విచారించెను. పైపొర పోని ముతకబియ్యము పెట్టు 37 చెఱసాలలలో ఒక్కదానియందు మాత్రమే బెరిబెరి కనబడెను. తెల్లగా దంపిన బియ్యము పెట్టు 51 చెఱసాలలలో 36 చోట్ల కనబడెను. ఐనను ఐక్మన్ తెల్లబియ్యములో నేదో విషమున్నదనియు, తవుటిలో దానికి విఱుగుడున్నదనియు తలచెను. లోపించిన దొక వస్తువు గాని, చేరిన విషము కాదని 1901లో చెప్పినవాడు అతని తరువాత నాపనికి వచ్చిన గ్రైన్స్. రోగమనగా నేదియో వచ్చి చేరుట యని వేల యేండ్లుగా నమ్మినవారికి, లేమియే రోగమను మాట తలకెక్కుట కష్టమైనది.

జపానువారి కథ మఱింత దుఃఖకరము. అచ్చటను పల్లెలలోని బీదలు బార్లీగింజలు, చిఱుధాన్యములు కలిపికొని తినెడివారు. దంపిన తెల్లబియ్యము ఎడో మహానగరమునందలి కలిగినవారి భోజనము. పల్లెనుండి ఎడోకు పోయినవాడు కాళ్ళు పడి మంచమెక్కుటయు, ఇంటికి తిరిగివచ్చి పాతకూడు తిని లేచుటయు చూచి, ఆ రోగమునకు 'ఎడో జబ్బు' అని జనులే పేరు పెట్టిరి. తరువాత పల్లెపడుచువారిని సైన్యమునకు చేర్చుకొనునప్పుడు ప్రభుత్వము చూపిన గొప్ప యాశ యీ తెల్లన్నమే. తండ్రితాతలు పండుగనాడైనను కడుపునిండ నెఱుగనిది మూడుపూటల దొరకుచుండగా వలదనువా డెవడు?

లండనులో వైద్యము చదివిన తకాకి యను నౌకాసైన్యవైద్యుడు ఈ యన్నమును శంకించెను. 1882 చివర బయలుదేరిన ర్యూజో యను నోడలోని 376 మందిలో 169 మందికి బెరిబెరి వచ్చి 25 మంది చనిపోయిరి. 1884లో త్సుకుబా యను నోడను అదే దారిని, అంతే దూరము పంపించి, అందు మాంసము, బార్లీ మొదలగువాని భాగమును పెంచి తెల్లబియ్యమును తగ్గింపజేసెను. ఒక్కడును చావలేదు. పిమ్మట నౌకాసైన్యమున బార్లీ కలిపిన యన్నమును నిర్బంధము చేయగా కొలది యేండ్లలో నా రోగము దాదాపు మాయమైనది. మాంసకృత్తులు చాలకపోవుటయే రోగకారణమని యతడు తలచెను, అది తప్పు. చేసినపని మాత్ర మొప్పు.

భూసైన్యపు వైద్యాధికారులలో ముఖ్యులకు ఈ కారణమునందలి లోపమే కనబడినది గాని, ఫలము కనబడలేదు. వారిలో నొకడు మోరి రింతారో. జర్మనీలో శాస్త్రము చదివినవాడు, ఓగాయి యను పేర జపాను సాహిత్యమున నేటికిని పూజింపబడు రచయిత. క్రిమిని చూపనిదే రోగకారణమును నమ్మరాదని అతని పక్షము. 1904-05 రష్యాయుద్ధమున భూసైన్యములో సుమారు రెండున్నర లక్షలమందికి బెరిబెరి సోకి, సుమారు 27,000 మంది ప్రాణములు విడిచిరి. వీరిని చంపినది శత్రువుల గుండు కాదు. పండితుడగుట సత్యమునకు దగ్గఱ యగుట కాదని, మాబోటి పుస్తకజీవులు ఈ సంఖ్యలను అప్పుడప్పుడు చదువుకొనుట మంచిది.

ఇక మనవారి చిక్కును విప్పు తాళపుచెవి మలయాదేశమున దొరకినది. అచ్చటి గనులలో పనిచేయు చీనావారు సయామునుండి వచ్చిన పచ్చి తెల్లబియ్యము తినుచు బెరిబెరితో గుంపులుగా చచ్చుచుండిరి. ప్రక్కనే తోటలలో పనిచేయు తమిళకూలీలకు ఆ జబ్బు లేదు. తమిళులు తినునది ఉప్పుడుబియ్యమని బ్రాడన్ అను వైద్యుడు 1907లో ప్రకటించిన గ్రంథమున ఎత్తిచూపెను. కువాలాలంపూరు పిచ్చివారి యాసుపత్రిలో ఫ్లెచ్చర్ అనునతడు రోగులను రెండు పంక్తులు చేసి, ఒక పంక్తికి పచ్చిబియ్యమును, ఒక పంక్తికి ఉప్పుడుబియ్యమును పెట్టి ఆ మాట నిజమని చూపెను. ఆ పచ్చిబియ్యపు పంక్తిలో నున్నవారిని తలచుకొన్నప్పుడు మనస్సు కలుక్కుమనును; కాని ఆ కాలపు వైద్యులకు మన సంకోచములు లేవు.

రహస్యమేమనగా: వడ్లగింజకు ఊక క్రింద నొక పలుచని పొరయు, కొనయందు మొలకయు కలవు. థయామిను అను విటమిను చాలవఱకు వీనియందే యుండును. తెల్లబడువఱకు దంపినచో నా రెండును తవుడుగా రాలిపోవును. ఉప్పుడుబియ్యమునకైతే వడ్లను ముందుగా నానవేసి, ఆవిరిపట్టి, ఆఱబెట్టి పిమ్మట దంపుదురు. నానునప్పుడును ఉడుకునప్పుడును ఆ వస్తువు నీటిలో కరగి గింజ లోపలికి దిగి నిలుచును. పైపొర తీసినను పోదు. దక్షిణాదివారు దీనిని ఆరోగ్యమునకై కనిపెట్టిరా? లేదు. ఆవిరిపట్టిన గింజ దంపునప్పుడు నూక కాదు, నిలువయుండును. ఆ లాభమును చూచుకొన్నవారికి ప్రాణము కొసరుగా దక్కినది. మన పూర్వులు బుద్ధిహీనులును కారు, వారి పూర్వులు సర్వజ్ఞులును కారు.

శరీరమువైపునుండి చూడుడు. మొక్కలును అనేకసూక్ష్మజీవులును థయామినును తామే చేసికొనును, మనుష్యశరీరము చేసికొనలేదు. మనము తిన్న పిండిపదార్థము శక్తిగా మాఱుటకు అది లేక గడవదు. కావున అన్నమెంత హెచ్చుగా తిన్న నది యంత హెచ్చుగా కావలెను. దేహములో నిలువయుండునది ముప్పది మిల్లీగ్రాములకు మించదు; కొలది వారములలో కరగిపోవును. మన దేశపు ఆహారపట్టికల ప్రకారము నూఱు గ్రాముల దంపుడుబియ్యములో 0.21 మిల్లీగ్రాముల థయామిను కలదు. మరపట్టిన పచ్చిబియ్యములో 0.06 మాత్రమే. మరపట్టిన ఉప్పుడుబియ్యములో మరల 0.21. దినమున కొక మిల్లీగ్రామునకు పైగా కావలసిన కూలివాడు అర్ధకిలో మరబియ్యము తిన్నచో 0.3 చేతికి వచ్చును. కడిగినప్పుడు అందులో దాదాపు సగము పోవును. గంజితో మఱికొంత పోవును. పప్పు, కూర విస్తరిలో పడువానికి కొఱత తీఱవచ్చును. ఉప్పును మిరపకాయయు నంజుకొనువాని గతి యేమి? ఇంతయు కుడితితొట్టిలో పడినదిగదా, గేదెకైన నుపయోగించెనా యందురేని, పసువుల కడుపులోని సూక్ష్మజీవులు థయామినును తామే పుట్టించి పెట్టును. ఆ యొక్క వస్తువుకొఱకు దానికి మన తవుడు అక్కఱయే లేదు!

మన జిల్లాలలో నీ తెలుపు ఎట్లు వ్యాపించెను? ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినపిమ్మట డెల్టాలు వరిమయములైనవి. జొన్నయు చోళ్ళును బీదల కూడని పేరుపడినవి. నాలుగుకాసులు కలిసివచ్చిన ప్రతి కుటుంబమును వరియన్నమునకు మాఱినది. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో బియ్యపు మరలు వచ్చి, కలిగినవారికి మాత్రమే చెల్లిన తెలుపును అందఱికిని చవుకగా పంచిపెట్టినవి. ఐనను నేరమంతయు మరలమీద మోపుట న్యాయము కాదు. మాల్కంసన్ వ్రాసిననాటికి మరలు లేవు; మన రోకళ్ళే చాలినవి. ఉప్పుడుబియ్యముమాట యెత్తిన మనవారికి వాసన గిట్టదు. మీదుమిక్కిలి ఎవరో యొకమాఱు ఉడికించిన వస్తువను మడిశంక. దక్షిణాది శ్రోత్రియులును పూజాదులకు పచ్చిబియ్యమే వాడుదురు. కాని వారిదేశమున ఆ నియమము జనసామాన్యము నంటలేదు. మనదేశమున అంటినది.

1918లో కూనూరులోని పాస్తూరుసంస్థయందు ఒక్కగదిలో బెరిబెరి విచారణశాఖను మెకారిసన్ ప్రారంభించెను. 1924లో అతడును నారిస్ అనునతడును మనదేశపు బెరిబెరికిని బియ్యమునకును గల సంబంధమునుగుఱించి పెద్దగ్రంథము వెలువరించిరి. అతని తరువాత వచ్చిన అక్రాయిడ్ సహచరులతోగూడ 1940లో బియ్యపు సమస్యనుగుఱించియు, 1941లో కృష్ణన్‌తో కలిసి మన తీరమునందలి శిశుమరణములనుగుఱించియు ప్రకటించెను. ఈ చివరి విషయమును చదువరు లోపికతో చదువవలెనని ప్రార్థించుచున్నాము. మే మీ వ్యాసమునకు పూనుకొన్నది ప్రధానముగా దీనికొఱకే.

ఇంటిలో కడపట తినునది కోడలు. మగవారికిని పిల్లలకును పప్పును కూరయు వడ్డింపగా ఆమెకు మిగులునది అన్నము, అడుగున నింత పులుసు. ఆమె గర్భవతియైనను వరుస మాఱదు. ప్రసవించినదా, పథ్యము! ఆకుకూర శీతమందురు, పండు జలుబందురు, పప్పు వాతమందురు. పాతబియ్యపు తెల్లన్నము, కారప్పొడి, నేయి. ఆమె పైకి ఆరోగ్యవతివలెనే యుండును. కాళ్ళు తిమ్మిరులనుకొన్న, పురిటిబలహీనతయని సరిపెట్టుకొందురు. కాని ఆమె పాలలో థయామిను చాలినంత ఉండదు. ఆ పాలుతప్ప మఱేమియు నెఱుగని పసికందు రెండవనెలకును ఐదవనెలకును నడుమ ఒకనాడు పాలు కక్కును, చన్ను విడుచును. ఏడ్చును, కాని ఏడ్పు వినబడదు. గొంతునరము పట్టు తప్పి నోరు తెఱచియే యుండి ధ్వని రాదు. గంటలలో గుండె యాగిపోవును. బొద్దుగా నున్న బిడ్డ రాత్రికి రాత్రి పోయెనని ఇంటిల్లిపాది గుండెలు బాదుకొందురు. దిష్టి యనిరి, బాలగ్రహమనిరి, రెండవబిడ్డయు నట్లే పోయినచో తల్లి పాలు చెడ్డవనిరి, పిమ్మట తల్లియే చెడ్డదనిరి. పాలు చాలనివగుట నిజమే. అట్లు చేసిన చేతులు మాత్ర మామెవి కావు.

ఆ విటమినును 1926లో యాన్సెన్, డోనాత్ అనువారు జావాలోనే తవుటినుండి స్ఫటికరూపమున తీసిరి. 1936లో విలియమ్స్ అను అమెరికావాడు దానిని రసాయనశాలలో కూర్చెను. సూదిమందు చిక్కిన తరువాత బిడ్డ బ్రదుకుట గంటల పని.

1934లో గాంధీమహాత్ముని ప్రేరణచే వార్ధాలో స్థాపింపబడిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమును ప్రచారము చేసెను. ఆరోగ్యవిషయమున ఆ బోధ సత్యమే. మాకొక సంకోచము మాత్రము కలదు. దంపుడుబియ్యమును పొగడువారిలో రోకలి పట్టినవారెందఱు? తెల్లవాఱుజామున లేచి, చంకను బిడ్డను దింపి, అరచేతులు కాయలుగట్టునట్లు దంపినది స్త్రీజాతి. దంపుడుకూలితో బ్రదికిన వితంతువులకు మర వచ్చి నోటికూడు తీసిన మాట నిజము. వారికి ఆ కూడుతప్ప వేఱు దారి నుంచనిది మర కాదు. ఉప్పుడుబియ్యము మరపట్టినను దంపుడుబియ్యముతో సమానమని పట్టికలు చెప్పుచుండగా, ఆరోగ్యముపేర ఆడువారి భుజములకు మరల రోకలిని కట్టనక్కఱలేదు. అత్తెసరు పెట్టిన గంజి వార్చు పనియు లేదు. గోదావరిజిల్లాల మరలలో ఉప్పుడుబియ్యము విస్తారముగా తయారగుచున్నది. అది కేరళదేశమునకు పోవును. పచ్చి తెల్లబియ్యము మనయింటికి వచ్చును.

సంస్కృతము చదివినవారు కొందఱు ఈ ప్రసంగము వచ్చినప్పుడు చరకుని తెత్తురు. శూకధాన్యములలో ఎఱ్ఱశాలి మిక్కిలి పథ్యమని చరకసంహిత చెప్పినమాట వాస్తవమే. మాకును ఆ గ్రంథముపై గౌరవము కలదు. కాని ఆ మాటను వల్లించుచునే ఆ పండితులయిండ్లలో కొన్ని తరములు తెల్లన్నమే తినినవి. చరకునకు విటమినులు తెలియునని వాదించుటకంటె, తెలిసిన మంచిమాట విస్తరివఱకు ఎందుకు రాలేదో విచారించుట మనకు తగినపని.

రోగము మన తీరమున సన్నగిల్లినది. విస్తరిలో పప్పును కూరయు పెరుగును పడుచున్నవి, బలపుమాత్రలు దొరకుచున్నవి. కూనూరులోని ఒక్కగది విచారణశాఖ పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, 1969లో జాతీయ పోషకాహారసంస్థ యను పేరు పొందినది. కాని రోగము దేశమునుండి పోలేదు. ఈ శతాబ్దపు రెండవ దశాబ్దమున కాశ్మీరదేశపు శిశువైద్యులు, తల్లిపాలుతప్ప వేఱాహారములేని పసిపిల్లలు వాంతులతోను ఆయాసముతోను ఆసుపత్రులకు వచ్చుటయు, థయామిను సూది వేసిన కొలదిగంటలలోనే తేఱుకొనుటయు వైద్యపత్రికలలో ప్రకటించిరి. తల్లుల భోజనమును విచారించిరి. మరపట్టిన తెల్లబియ్యము, పలుమాఱులు కడుగుట, గంజి వార్చుట, పురిటిపిమ్మట కూరలును పండ్లును మాన్పించు పథ్యము. ఊరిపేరు తీసివేసినచో ఏలూరులోనో బందరులోనో ఒకనాటి యింటినిగుఱించి వ్రాసినట్లే యున్నది. ఆ పథ్యము పెట్టినవారును ఇచ్చటివలెనే, కోడలి మేలును మనుమని మేలును కోరి, తమకు పెట్టినదే పెట్టిన యత్తగార్లు.